పక్కకు జారిన పుల్లీ

మంచు విసిరే యంత్రం బెల్టు రెండోసారి ఊడిపోయేసరికి ఆయిలీ ట్రాక్టరు ఇంజన్ ఆపేసింది. షెడ్డు బయట దారి ఆనవాలే లేదు. సరస్సు మీదినుంచి రాత్రంతా వచ్చి పడిన మంచు మోకాళ్ళు దాటింది. ఇంట్లో ఆమె భర్త ఉర్హో ఛాతీ పట్టుకుని వంటింటి గోడకు జారగిలబడి ఉన్నాడు. హాన్‌కాక్ పట్నం నుంచి అంబులెన్సు బయల్దేరింది. అది రోడ్డు దాకా రాగలదు. అక్కణ్ణించి ఇంటికి వంద గజాల ఎగువ దారి.

ఉర్హో దగ్గర కూర్చున్న పక్కింటి హిల్డా కిటికీ తెరిచి కేకేసింది.

"ఆయిలీ! బెల్టు సాగిపోయిందట, కొత్తది వెయ్యమంటున్నాడు!"

"ఇది కొత్తదే! పోయినవారం ఆయనగారే వేశారు!"

"అయితే తనే వచ్చి చూస్తాట్ట!"

"లేచాడంటే కాళ్ళు విరగ్గొడతానని చెప్పు!"

ట్రాక్టరు ముందు తగిలించిన ఆ మంచు విసిరే యంత్రాన్ని ఉర్హో ఎప్పుడూ ఆమెను ముట్టుకోనివ్వలేదు. కానీ చేతి తొడుగుల కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు కుట్టుమిషన్ల మధ్య బతికిన మనిషి ఆమె. ఊరికే ఊడే బెల్టులు చాలా చూసింది.

తాళం తీసి జేబులో వేసుకుని, ప్లగ్గు తీగ పీకి, మోకాళ్ళ మీద కూర్చుంది. బెల్టు ఒక అంచు పీచులు లేచింది, రెండో అంచు నిగనిగలాడుతోంది. నల్లటి పొడి కూడా ఒకే పక్కన రాలింది. గోడకున్న ఇనుప కొలబద్ద తీసి బెల్టు తిరిగే రెండు పుల్లీల మీదుగా ఆనించింది. ఇంజన్ పుల్లీకి అతుక్కుంది. యంత్రం పుల్లీ దగ్గర మాత్రం వేలు పట్టేంత సందు. పుల్లీ లోపలికి జారింది. దాన్ని ఇరుసుకు పట్టి ఉంచాల్సిన స్క్రూ వేలితోనే తిరిగింది.

తొడుగులు తీసేసి, పుల్లీ వెనక చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టింది. కదల్లేదు. మళ్ళీ కొట్టింది. దూరంగా సైరను వినబడింది.

"ఆయిలీ! చెమటలు పట్టేస్తున్నాయి ఇతనికి!"

ఆయిలీ తుప్పు మీద నూనె పోసి, పళ్ళు బిగించి కొట్టింది. పుల్లీ చటుక్కున జరిగింది, కాస్త ఎక్కువే. ఇవతలినుంచి మెల్లగా తట్టి, కొలబద్ద రెండింటికీ సమంగా ఆనేదాకా సర్దింది. మొద్దుబారిన వేళ్ళతోనే పానా పట్టి స్క్రూ బిగించి, బెల్టు ఎక్కించి, ప్లగ్గు తీగ తగిలించి స్టార్టు చేసింది.

బెల్టు నిలిచింది.

దారి పొడుగునా మంచు ఎగిరి పక్కన పడుతూ పోయింది. చివర రోడ్డు మీద మంచు తోసే బండి పక్కకు నెట్టిపోయిన గట్టు రాయిలా అడ్డుపడింది. ఇంజన్ మూలిగింది. వెనక్కి తీసి, కొంచెం కొంచెంగా కొరికించింది. అవతల అంబులెన్సు వాళ్ళిద్దరూ పారలతో దిగారు. నాలుగు నిమిషాల్లో దారి తెరుచుకుంది.

స్ట్రెచర్ మీద ఉర్హో కళ్ళు తెరిచాడు. "బెల్టు మార్చావా?"

"పుల్లీ జారింది. స్క్రూ బిగించలేదు నువ్వు."

"బిగించాననే అనుకున్నా..."

"సర్లే, మాట్లాడకు," అని అతని మెడ దాకా దుప్పటి లాగి, తనూ బండెక్కింది.

ఆసుపత్రిలో ఉర్హో గుండెకు మూసుకుపోయిన రక్తనాళాలు రెండు తెరిచారు. ఇంకో గంట ఆలస్యమైతే బతికేవాడో లేదో చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాకే ఆయిలీ ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చింది.