ఏ సీసాకి ఏ మనిషి

గ్లాసులు తుడుస్తూనే ఆమె వాసన కోసం చూసింది. సీసా మూత ఇంకా తీయలేదు. భర్త పనిచేసే టైల్స్ కంపెనీ మేనేజర్ తన భార్యతో కలిసి భోజనానికి వచ్చాడు. వస్తూ ఆ సీసా తెచ్చాడు. బోర్బన్ అట, అమెరికాలో మొక్కజొన్నతో కాస్తారట. లోపల కాల్చిన కొత్త చెక్క పీపాలో ఏళ్ల తరబడి ఊరిందట. చుక్క నీళ్లు కలపకుండా పీపాలో ఉన్నదాన్ని ఉన్నట్టే సీసాలోకి దించారట.

ఆమెకు సీసాలు తెలుసు. తాగి కాదు. భర్త గుమ్మంలో చెప్పులు విడిచేలోపే ఆమె ముక్కు పని మొదలుపెడుతుంది. బీరయితే ఫరవాలేదు, పాటలు పాడి పడుకుంటాడు. రమ్మయితే ఆమె పుట్టింటివాళ్లను ఒక్కొక్కరినీ తిడతాడు, తలూపుతూ నిలబడాలి. విస్కీ అయితే మాట్లాడడు. ఆ రోజు పడగ్గది గొళ్లెం పెట్టకూడదు. పెడితే ముందు తలుపు, తర్వాత ఆమె. మగాడన్నాక తాగుతాడు, ఎదురుపడకుండా మసలుకోవడం ఆడదానికి తెలియాలి అని అత్తగారు పెళ్లయిన కొత్తల్లోనే చెప్పింది. ఆమె అదే నేర్చుకుంది. చూసినవాళ్లు దాన్ని చక్కని కాపురం అన్నారు.

ఈ సీసా మాత్రం ఆమెకు తెలియదు. వీళ్లు వెళ్లాక ఇంట్లో తనతో మిగిలేది ఏ మనిషో తెలియదు. కూర వడ్డిస్తుంటే గరిటె గిన్నెకు తగిలి టకటకమంది. భర్త నవ్వుతూనే ఆమెవైపు చూశాడు. ఆ నవ్వు అతిథులకు. చూపు ఆమెకు.

మేనేజర్ సరదా మనిషి. తలా కొంచెం పోసి ఆమెకూ ఒక గ్లాసు చాపాడు. "వాసన చూడు చెల్లెమ్మా. నోరు కాస్త తెరిచి పీల్చు, లేకపోతే ముక్కు మండుతుంది."

"దానికేం తెలుసు సర్. కాఫీకీ టీకీ తేడా తెలీదు," అన్నాడు భర్త.

ఆమె గ్లాసు అందుకుంది. తెలుసుకోవాలి కాబట్టి అందుకుంది. ముందు మంట. దాని వెనక మాడబోయి ఆగిన చక్కెర. వెనిల్లా. ఎండుతున్న పొగాకు. ఇంకా ఏదో ఉంది, మంట అడ్డం వస్తోంది. చెంచాతో ఒక చుక్క నీళ్లు వేసుకుంది. మంట పక్కకు జరిగి ఎండు చెర్రీ, లవంగం బయటపడ్డాయి. ఒక గుక్క తాగింది. నాలుక చురుక్కుమంది, గుండెల దాకా వెచ్చగా దిగింది. మింగిన చాలాసేపటికి అక్రోటు పొట్టు వగరు. బాగుంది. అంత బాగుండడం చూసి ఆమెకు భయం ఇంకా పెరిగింది. ఇంత నెమ్మదైనదాన్ని ఆమె ఎప్పుడూ ఎరగదు.

తనకు తగిలినవన్నీ వరసగా పైకే చెప్పింది. ఎప్పుడూ లోపల చెప్పుకునే అలవాటు, ఆ భయంలో నోటి దాకా వచ్చేసింది. ఆగలేదు.

"ఇది తాగినవాడు అరవడండి. దీనికి కూడా గొళ్లెం పెట్టకూడదు."

మేనేజర్ పగలబడి నవ్వాడు. అది ముక్కు కాదు, పోలీసు జాగిలం అన్నాడు. "ఎవరు నేర్పారమ్మా నీకు?"

"ఈయనే."

మేనేజర్ అదేదో పొగడ్త అనుకుని భర్త వీపు చరిచాడు. మేనేజర్ భార్య నవ్వలేదు. ఆవిడ మనసు గొళ్లెం మాట దగ్గరే ఆగిపోయింది. భర్త గ్లాసు నింపుకున్నాడు. మళ్లీ నింపుకున్నాడు. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు.

అతిథులు లేచారు. మిగిలింది నీకే, ఉంచుకోవయ్యా అని మేనేజర్ సీసాను భర్త ముందుకు జరిపాడు. భర్త తలూపాడు. ఆమె సాగనంపడానికి కారు దాకా వెళ్లింది. మేనేజర్ భార్య వెనక తలుపు తీసి సీట్లో కూర్చుని, పక్కనున్న తన సంచి ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. రమ్మనలేదు. తలుపు మాత్రం వేయలేదు.

"అక్కయ్యా, కొంచెం జరగండి," అంది ఆమె.