ఇరవై ఆరు మ్యాట్నీలు

మా బాబాయి ముప్ఫై నాలుగేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నాడు. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది గంట ఆలస్యమో, ఎవరి సంచీ ఎక్కడ దొరికిందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో సగం మంది ఆయన ముఖం ఎరగరు. కూరగాయల కొట్టు దగ్గర నిలబడి "అరకిలో ఇవ్వు" అనగానే మాత్రం నలుగురూ తల తిప్పి చూసేవారు. "మైకు బాబాయి" అనే పేరు బస్టాండు వాళ్ళు పెట్టిందే. పోను పోను అది మా ఇళ్ళల్లోనూ ఖాయమైపోయింది.

ఆ గొంతుకే జబ్బు చేసింది. మొదట జలుబన్నారు, తర్వాత ఎక్కువ మాట్లాడటం వల్ల వచ్చిన బొంగురన్నారు. ఆఖరికి పెద్ద డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, స్వరపేటిక తీసేయక తప్పదన్నాడు. "ప్రాణానికి ప్రయత్నిద్దాం. మాట మాత్రం ఉండదు" అని చెప్పేశాడు. గురువారం పొద్దున్న ఆపరేషన్.

ఆ మాట విన్నప్పుడు పిన్ని ఏడవలేదు. ఆవిడ తీరే అంత. బజారు మలుపులో జిప్పులు మార్చి, సంచుల పట్టీలు కుట్టే చిన్న కొట్టు ఆవిడది. వచ్చినవాళ్ళతో కూడా "ఎక్కడ తెగింది, ఎప్పటికి కావాలి" అనే రెండు మాటలే. ఇంట్లో అంతకంటే తక్కువ. అన్నం పెట్టాను, కరెంటు పోయింది, తలుపు వేసుకోండి. ఇంతకుమించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను వినలేదు.

వాళ్ళు మొదటినుంచీ అలా ఉండేవారు కాదని మా అమ్మ చెప్పేది. వాళ్ళకి చిట్టి అని ఒక్కతే కూతురు ఉండేది. నాకు పదకొండేళ్ళప్పుడు, దానికి ఆరేళ్ళప్పుడు, రెండు రోజుల జ్వరంతో పోయింది. అది పోయిన మూడో రోజునే బాబాయి డ్యూటీకి వెళ్ళాడు. అదే రోజు వాళ్ళమ్మని బస్సు ఎక్కించడానికి పిన్ని బస్టాండుకి వెళ్ళింది. పైన మైకులోంచి ఆయన గొంతు. వణుకు లేదు, జీర లేదు. "ప్రయాణికులకు గమనిక" అంటూ ఎప్పటిలాగే. పిన్ని అక్కడే సిమెంటు బల్ల మీద కూలబడి, "రాయి. ఈ మనిషి రాయి" అందట. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళూ ఆయన ముందు బిడ్డ పేరు ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

సోమవారం నేనే వాళ్ళిద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మాట పోయేవాళ్ళ గొంతు ముందే రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత టాబ్లెట్‌లో ఏది టైపు చేసినా దాదాపు అదే గొంతులో పలికించవచ్చట. ఆ పని చూసే మాటల డాక్టరమ్మ చిన్న వయసుదే. గోడలకి స్పాంజి అంటించిన గదిలో బాబాయిని కూర్చోబెట్టి, కొన్ని వాక్యాలు చదవమంది.

"నాకు దాహం వేస్తోంది. దయచేసి కిటికీ తెరవండి."

అలవాటైన మనిషి కదా, మైకు కనబడేసరికి నడుం నిటారు చేసి, ప్రతి అక్షరం విడగొట్టి చదివాడు. బొంగురుపోయినా అది బస్టాండు గొంతే. డాక్టరమ్మకి నవ్వొచ్చింది.

"ఇలా అయితే రేపు మీరు మంచినీళ్ళు అడిగితే ఇల్లంతా సామాన్లు సర్దుకుని పరుగెత్తుతుందండీ. మీరు ఇంట్లో మాట్లాడే గొంతు కావాలి నాకు. నవ్వుతూ, విసుక్కుంటూ, వాదిస్తూ." ఆవిడ ఒక కాగితం తీసింది. "ఇవన్నీ సరదా ప్రశ్నలు. సినిమాలు, పాటలు, మనుషుల భవిష్యత్తు, ఇలాంటివి. తప్పొప్పులు లేవు. ఇంట్లోవాళ్ళే అడిగితే బావుంటుంది."

కాగితం నా చేతికివ్వబోయింది. పిన్ని చెయ్యి చాపి తీసుకుంది. ఎందుకు తీసుకుందో నాకు తెలియదు. కళ్ళజోడు సర్దుకుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. డాక్టరమ్మ అద్దం అవతల చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుంది. నేను మూల స్టూలు మీద.

"మీకు ఇష్టమైన పాట ఏది?" పిన్ని రేషను కార్డు వివరాలు అడిగినట్టు అడిగింది.

"రోజంతా హారన్లు వినేవాడికి పాటలేమిటే. ఎవరూ ఏమీ పాడకుండా ఉంటే అదే ఇష్టం."

"సినిమాల్లో ఏడిపించేవి ఇష్టమా, నవ్వించేవా, కొట్టుకునేవా?"

"కొట్టుకునేవి. నువ్వేమో పెళ్ళయిన కొత్తలో అన్నీ ఏడుపు సినిమాలకే లాక్కెళ్ళావు. ఇంటర్వెల్లో పల్లీలు కొనిపెడతావు కదా అని ఓర్చుకున్నాను."

పిన్ని తలెత్తి చూసింది. "ఆహా! మరి అప్పుడే చెప్పొచ్చుగా? ప్రతిసారీ 'బాగుంది, బాగుంది' అన్నారు?"

"పల్లీలు బాగున్నాయన్నాను."

అద్దం అవతల డాక్టరమ్మ బొటనవేలు ఎత్తి చూపించింది. ఇలాగే కానివ్వండి అన్నట్టు. నాకు కూడా హుషారొచ్చింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకోవడం అదే మొదటిసారి చూడటం.

"వెయ్యేళ్ళ తర్వాత మనుషులు ఎలా ఉంటారనుకుంటున్నారు?"

"ఇలాగే. బస్సు కదిలేదాకా సోడా తాగుతారు, కదిలాక వెంటపడి పరుగెత్తుతారు."

"మనుషులందరూ వేరే గ్రహానికి వెళ్ళిపోతుంటే మీరు వెళ్తారా?"

"ఎన్నో నెంబరు ప్లాట్‌ఫారం?"

పిన్నికి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుతోనే తర్వాతి ప్రశ్న చదివింది.

"ఒకే సినిమాని ఎక్కువలో ఎక్కువ ఎన్నిసార్లు చూశారు?"

బాబాయి గ్లాసులో నీళ్ళు రెండు గుక్కలు తాగాడు.

"ఇరవై ఆరు సార్లు."

"చాల్లెండి. ఏడాదికి ఒక్క సినిమాకి రమ్మంటే నడుం నొప్పి అనే మనిషి!"

"నిజమే చెప్తున్నాను. రోజూ మ్యాట్నీ. హాస్యం సినిమా. బస్టాండు వెనక హాల్లో."

"ఎప్పుడు?"

ఆయన కాగితం వైపు చూశాడు, పిన్ని వైపు చూడలేదు.

"చిట్టి పోయాక."

గదిలో మిషను చిన్నగా చేసే చప్పుడు ఒక్కటే వినబడుతోంది. పందొమ్మిదేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఆ పేరు రావడం అదే మొదలు. అదీ ఇంట్లో కాదు, ఆసుపత్రిలో.

"ఒంటిగంటకి నా డ్యూటీ అయిపోయేది" అన్నాడు. "రెండో డ్యూటీ కూడా వేశారని నీకు చెప్పాను. అబద్ధం. హాల్లో వెనక వరసలో మూలకి కూర్చునేవాణ్ణి. జనం పగలబడి నవ్వుతుంటే నేను ఏడ్చేవాణ్ణి. ఏడుపు సినిమాకి వెళ్ళి ఏడిస్తే పక్కవాడు చూస్తాడు. నవ్వే సినిమాలో భుజాలు అదురుతుంటే నవ్వుతున్నాడనుకుంటారు. ఎక్కడ నవ్వుతారో పదో రోజుకి నాకు తెలిసిపోయింది. అప్పటిదాకా బిగబట్టుకునేవాణ్ణి. ఇరవై ఏడో రోజున సినిమా మార్చేశారు."

పిన్ని చేతిలో కాగితం కింద పడింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

"ఎందుకు చెప్పలేదు? నాకెందుకు చెప్పలేదు? నేను ఒక్కదాన్నే కన్నానా దాన్ని? మీరు మైకులో అరుస్తుంటే నేను విన్నాను. ఏ మాత్రం తేడా లేదు. రాయి అనుకున్నాను. ఇన్నేళ్ళూ రాయితో కాపురం చేస్తున్నాననుకున్నాను!"

"ఇంటికొస్తే నువ్వు దాని గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదానివి. నిన్ను చూస్తే గొంతు పెగిలేది కాదు. నేను కూడా పడిపోతే నిన్ను లేపేదెవరు అనుకున్నాను. తర్వాత రోజులు గడిచిపోయాయి. నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు. ఆలస్యమైన కొద్దీ ఇంకా కష్టమైపోయింది."

డాక్టరమ్మ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయింది. నేను కూడా లేవబోయి, మళ్ళీ స్టూలు మీదే కూర్చుండిపోయాను. పిన్ని చాలాసేపు ఏడ్చింది. బాబాయి కుర్చీ ముందుకి జరుపుకుని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆఖరికి ఆవిడే వంగి కాగితం తీసుకుంది. ముక్కు తుడుచుకుని, "ఇంకొకటి ఉంది" అంది. పని సగంలో వదిలేయడం ఆవిడకి చేతకాదు.

"వందేళ్ళ తర్వాత పుట్టేవాళ్ళకి మీరొక మాట చెప్పాలంటే ఏం చెప్తారు?"

"వందేళ్ళ తర్వాతి వాళ్ళ సంగతి నాకెందుకే" అన్నాడు బాబాయి. "పందొమ్మిదేళ్ళ కింద నీకు చెప్పాల్సింది చెప్పలేకపోయాను."

ఆ మూడు రోజులూ పిన్ని కొట్టు తెరవలేదు. నేను క్యారియరు పట్టుకుని వెళ్ళేసరికి ఇద్దరూ వంటింటి గడప దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఉండేవారు. చిట్టికి ముందు పళ్ళు రెండూ ఒకేసారి ఊడిపోయినప్పుడు "సింహం" అనడం రాక "తింహం" అనేది కదా అని ఆయన అంటే, తింహం కాదు "చింహం" అని ఈవిడ. దాని మీద పావుగంట వాదన. దాన్ని బస్టాండుకి తీసుకెళ్ళిన రోజున మైకులో ఊరి పేర్లన్నీ తప్పు చెప్పించిందని ఆయన బయటపెట్టాడు. పై అధికారి చీవాట్లు పెట్టాడట. పిన్నికి ఆ సంగతే తెలియదు. ఇప్పుడుంటే పాతికేళ్ళది, ఏం చేస్తుండేది అని ఇద్దరూ ఊహించుకున్నారు. ఆయన టీచరు అన్నాడు. పిన్ని, అంత వాగుడుకాయకి లాయరే సరి అంది. అన్నం చల్లారిపోయినా లేచేవారు కాదు. బుధవారం సాయంత్రానికి బాబాయి గొంతు దాదాపు పూడుకుపోయింది. పిన్ని చెవి ఆయన నోటి దగ్గర పెట్టి వింది.

గురువారం పొద్దున్న ఆయన్ని చక్రాల మంచం మీద తీసుకెళ్తుంటే పిన్ని తలుపుదాకా పక్కనే నడిచింది. ఏదైనా అంటాడేమోనని ముఖంలో ముఖం పెట్టి వంగింది.

"నా చెప్పులు జాగ్రత్త" అన్నాడు.

అదే ఆయన ఆఖరి మాట. పిన్నికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఐదు గంటలసేపు ఆ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

పది రోజుల తర్వాత డాక్టరమ్మ టాబ్లెట్ తెచ్చింది. బాబాయి వేలితో ఒక్కో అక్షరం నొక్కి, పిన్ని వైపు తిప్పాడు. "కాసిని మంచినీళ్ళు ఇస్తావా" అంది అది. బొంగురు లేదు. ఇరవై ఏళ్ళ కిందటి గొంతులా నున్నగా ఉంది. పిన్ని గభాల్న లేచి గోడవైపు తిరిగి నిలబడింది. "ఆపెయ్యండి. ఆయన అక్కడ నోరు మూసుకుని ఉంటే ఎక్కడినుంచో మాట వస్తోంది. నేను భరించలేను." బాబాయి దాన్ని మంచం కింద పెట్టేశాడు. అప్పట్నుంచీ పలక మీద రాసేవాడు. పలక చిన్నది కాబట్టి, చిన్న చిన్న మాటలు.

ఏడు నెలలు. జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒక మధ్యాహ్నం, పిన్ని ఆయన కాలి గోళ్ళు కత్తిరిస్తుండగా ప్రాణం పోయింది. రెండో కాలు సగంలో ఉంది. బస్టాండు నుంచి డ్రైవర్లు, కండక్టర్లు, చెప్పులు కుట్టే ఆయన, అందరూ వచ్చి వీధంతా నిలబడ్డారు. ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు.

తర్వాత కొన్నాళ్ళకి డాక్టరమ్మ నాకు ఫోను చేసింది. ఆ రోజు తను బయటికి వెళ్ళిపోయాక కూడా మిషను నడుస్తూనే ఉందట. నలభై నిమిషాల మాటలు అలాగే ఉన్నాయి, తుడిచేయమంటారా, మీకు ఇవ్వమంటారా అని అడిగింది. పిన్ని వారం రోజులు ఆలోచించి, తెమ్మంది. ఆవిడ ఫోనులో వేసి, ఎక్కడ నొక్కాలో చూపించి వచ్చాను.

మొన్న కొట్టుకి వెళ్ళినప్పుడు అడిగాను. "విన్నావా పిన్నీ?"

ఆవిడ తెగిన జిప్పు దారాలు పళ్ళతో కొరికి పీకుతోంది.

"ముందు భాగం రోజూ వింటాను. పల్లీలు, సోడా, అదంతా. అక్కడితో ఆపేస్తాను."

"తర్వాత ఆయన చెప్పినవి కూడా ఉన్నాయి కదా. అవి వినవా?"

"తర్వాత ఉన్నది నా గొంతే. ఎందుకు చెప్పలేదు, ఎందుకు చెప్పలేదు అని అరుస్తున్నాను. పాపం ఆ మనిషికి గొంతు ఉన్నదే మూడు రోజులు. దాంట్లో కూడా నిలదీశాను." జిప్పు పక్కన పెట్టి అంది. "ముప్ఫై రెండేళ్ళ కాపురం చేశాం. మాట్లాడుకున్నది లెక్కేస్తే ఏముంది?"

"అలా అనుకోకు పిన్నీ" అన్నాను.

ఎవరో ఒకామె బడిసంచీ పట్టుకుని కొట్టు ముందుకి వచ్చింది. పిన్ని కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుంది. సంచీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రేపు సాయంత్రం రండి" అంది.