వేలు లేచే చోటు

నాచారంలో ఆ వీధిని పట్టి పీడించేవి రెండు. ఒకటి దోమలు, రెండోది రామ్మోహనరావు చెవి. దోమలకు మునిసిపాలిటీ వాళ్లు నెలకోసారైనా వచ్చి పొగ కొట్టేవారు. చెవికి మందు లేదు.

ఉప్పల్ పారిశ్రామికవాడలో పంపులు తయారుచేసే ఒక కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు క్వాలిటీ కంట్రోల్ చూసి రిటైరయ్యాడాయన. ఉద్యోగమంతా తప్పులు పట్టడమే. మోటారు తిరుగుతుంటే పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, "బేరింగు పోయింది, తీసెయ్" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే పోయి ఉండేది. ఆ పేరు ఆయన తలకెక్కింది. రిటైరయ్యాక కంపెనీ పంపులను వదిలిపెట్టాడు గానీ, లోకంలో మిగతావాటిని వదల్లేదు.

"బాగుంది" అన్న మాట ఆయన నోట ఒంటరిగా ఎప్పుడూ వచ్చి ఎరగదు. వెనకాలే "కానీ" తోక ఉండాల్సిందే. పక్కింటి పెళ్లిలో సన్నాయి బాగుంది, కానీ డోలువాడు తొందరపడ్డాడు. గుడి గంట బాగుంది, కానీ ఎక్కడో సన్నగా పగిలింది. పప్పుచారు బాగుంది, కానీ. ఆ ఒక్క దానికి మాత్రం తరవాతి మాట కూడా చెప్పేవాడు కాదు, భార్య కమలకుమారి ఆలోచించుకోవాలి.

హాల్లో గోడ నిండా ఆయన సరంజామా. ఆంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, బీరువాలంతేసి స్పీకర్లు రెండు. దుమ్ము పడకుండా వాటికి కమలకుమారి కుట్టిన తొడుగులున్నాయి. మనుషులకు కప్పుకోవడానికి ఆ ఇంట్లో అంత మంచి దుప్పట్లు లేవు. అవి తప్ప లోకంలో పాట వినిపించే యంత్రాలన్నీ ఆయన లెక్కలో రేకు డబ్బాలే. ముఖ్యంగా చెవుల్లో తీగలు వేలాడేసుకుని తిరిగే కుర్రకారును చూస్తే ఒళ్లు మండిపోయేది. పై వాటాలో అద్దెకుండే తిరుపతి అలాంటివాడే. జనగామ వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాల కార్ఖానాలో మిషను నడుపుతాడు. పొద్దున డ్యూటీకి పోతూ తీగలు, సాయంత్రం వస్తూ తీగలు.

"ఆ చెవులు చెవులా, చెత్తకుండీలా? ఏది పడేసినా పట్టించుకోవు" అనేవాడు రామ్మోహనరావు, తిరుపతికి వినపడేలాగానే. తీగలున్నాయి గనక తిరుపతికి వినపడేది కాదు. నవ్వుతూ నమస్తే పెట్టి వెళ్లేవాడు.

ఇంతకూ ఆ ఇంట్లో అసలు పాట వచ్చిన మనిషి కమలకుమారి. పెళ్లికి ముందు పన్నెండేళ్లు సంగీతం నేర్చుకుంది. ఎనభై ఆరులో, హబ్సిగూడలో ఒంటిగది అద్దె ఇంట్లో ఉండగా, రేడియో ఆడిషన్‌కు పిలుపొచ్చింది. వెళ్లేముందు ఒకసారి రికార్డు చేసి చూద్దామన్నాడు భర్త. మధ్యలో రెండు మైకుల స్టీరియో టేప్ రికార్డరు పెట్టి, ఎడమవైపు ఆమె కూర్చుంది. కుడివైపు ఈయన కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఊదాడు. భార్య పాడితే భర్త శ్రుతి వెయ్యడం అప్పట్లో ముచ్చటైన సంగతి, చూసినవాళ్లు మెచ్చుకునేవారు. సాయంత్రం ఇంటికొచ్చిన ఆఫీసు వాళ్ల ముందు టేపు తిప్పి విన్నాక ఆయన మొహం ముడుచుకుంది. అనుపల్లవిలో పై షడ్జం మీద నిలబడాల్సిన చోట ఆమె గొంతు కిందికి జారింది.

"బాగుంది, కానీ అక్కడికెళ్లి ఇలా పాడితే పరువు పోతుంది" అన్నాడు. ఆడిషన్‌కు తీసుకెళ్లలేదు. ఆమె పాడటం మానేసింది.

అక్కడితో ఆగితే మనిషే. ఆ క్యాసెట్‌ను ఆయన భద్రంగా దాచి, ఇంటికి ఎవరొచ్చినా వినిపించేవాడు. సంగీతమంటే ఏమిటో, చెవి అంటే ఏమిటో వాళ్లకు పాఠం చెప్పాలి కదా. పాట ఆ చోటికి రాగానే చూపుడువేలు పైకి లేచేది. "ఇదిగో... ఇక్కడ! విన్నారా? జారింది!" చుట్టాలు బుర్ర ఊపేవారు. కాఫీ గ్లాసులు పట్టుకుని కమలకుమారి గుమ్మంలో నిలబడి ఉండేది. ఇరవై ఆరేళ్లలో ఆ వేలు ఎన్నిసార్లు లేచిందో ఆ గుమ్మానికే తెలియాలి.

రెండువేల పన్నెండులో, శ్రీరామనవమి ఇంకా రెండు వారాలుందనగా, ఒక ఆదివారం పొద్దున అన్నపూర్ణమ్మ వచ్చింది. ఆమె రిటైరైన టీచరు, వీధిలో భజన మండలి నడిపిస్తుంది.

"వదినా, ఈసారి పందిట్ల నువ్వే పాడాలె. నువ్వు వంటింట్ల కూనిరాగం తీస్తుంటే గోడవతల నిలబడి విన్న. గింత గొంతు పెట్టుకొని మూల కూసుంటవేంది? కరపత్రం రేపు ప్రెస్సుకిచ్చేదున్నది. నీ పేరు రాయాల్నా, వద్దా?"

కమలకుమారి భర్త వైపు చూడలేదు. చీరచెంగు వేలికి చుట్టుకుంటూ, "పాడతానండీ" అంది.

రామ్మోహనరావు పేపరు కింద పెట్టాడు. "ఏం పాడతావు? పై షడ్జం దగ్గర జారి పడితే పందిరంతా నవ్వుతుంది. అన్నపూర్ణమ్మగారూ, మీకు తెలియదు. ఉండండి, వినిపిస్తాను. విన్నాక కూడా పాడించాలనుంటే మీ ఇష్టం."

క్యాసెట్ తీసుకుని డెక్కు దగ్గరికి వెళ్లాడు. మీట నొక్కాడు. అప్పుడు గుర్తొచ్చింది, పది నుంచి పన్నెండు దాకా కరెంటు కోత. బీరువాలంతేసి స్పీకర్లు తొడుగుల్లో గమ్మున కూర్చున్నాయి.

"పోనియ్యుండ్రి అన్నయ్యా" అంది అన్నపూర్ణమ్మ.

పోనిచ్చే ఘటమా? అటక మీది పెట్టెలోంచి పాత వాక్‌మన్ తీశాడు. టీవీ రిమోట్‌లోంచి సెల్లులు పీకి అందులో వేశాడు. దాంతో వచ్చిన హెడ్‌ఫోన్ స్పాంజి చేత్తో పట్టుకోగానే పిండిలా రాలిపోయింది, తీగ తెగి ఉంది. ఇంతలో కరెంటు ఎప్పుడొస్తుందో అడగడానికి తిరుపతి మెట్లు దిగి వచ్చాడు. మెడలో తీగలు.

"సార్, నాది పెట్టుకోండ్రి. పిన్ను సరిపోతది" అని తీసి ఇచ్చాడు. "ఉప్పల్ రింగురోడ్డు కాడ ఫుట్‌పాత్ మీద కొన్న. నూటయాభై అన్నడు, నూటఇరవైకిచ్చిండు. సౌండ్ మస్తుంటది సార్."

రామ్మోహనరావు ఆ తీగను చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. చివర్లలో చిన్న రబ్బరు మొగ్గలు. "మస్తు! నూటఇరవై రూపాయల మస్తు!" అన్నాడు. లుంగీ అంచుతో ఆ మొగ్గల్ని ఒకసారి తుడిచి, సరిపోక మళ్లీ తుడిచాడు. "సరే, చోటు వెతకడానికి ఇదైనా చాల్లే. నేను ఆ చోటు పట్టుకుని ఆపుతాను, అన్నపూర్ణమ్మగారూ. తరవాత మీరు పెట్టుకుని వినండి."

మొగ్గలు చెవుల్లో దూర్చుకున్నాడు. చీదరతో ఒళ్లు జలదరించింది. డబ్బాలో రాళ్లు వేసి కొట్టినట్టు ఉంటుందని మొహం ముందే చిట్లించి, మీట నొక్కాడు.

రాళ్లు మోగలేదు. ముందు ఆ హబ్సిగూడ గది వచ్చి చెవుల్లో కూర్చుంది. పైన ఫ్యాను రెక్క ఒకటి టిక్కుటిక్కుమంటోంది. ఎడమవైపు కమలకుమారి గాజులు సర్దుకుంది, గొంతు సవరించుకుంది. కుడివైపు శ్రుతిపెట్టె తిత్తి బుస్సుమని గాలి పీల్చింది. తరవాత పాట. మన్ను లేని నీళ్లలా తేటగా, ఊపిరి ఎక్కడ తీసుకుందో, ఎక్కడ నవ్వు ఆపుకుందో తెలిసేంత దగ్గరగా ఉంది ఆ గొంతు. ఆ పాటను అంతగా, అంత లోపలికి, ఆయన ఎప్పుడూ వినలేదు.

"అరె! బాగుంది!" అని అరిచాడు. చెవులు మూసుకున్నవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, వీధి చివరిదాకా వినపడింది. "ఎంతన్నావు? నూటఇరవయ్యా? అబ్బ, ఏం తేటగా ఉందయ్యా!"

"నేను చెప్పలేదా సార్" అని తిరుపతి సంబరపడిపోయాడు. ఆ ఇంట్లో తన సామాను ఒకటి మెప్పు పొందడం అదే మొదటిసారి.

రామ్మోహనరావు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. ఇన్నేళ్లూ స్పీకర్లకు హారతి పట్టడం తప్ప ఇంకేమీ చెయ్యని మనిషి, ఫుట్‌పాత్ రబ్బరు ముక్కలకు కరిగిపోయాడు. పల్లవి అయింది. అనుపల్లవి వచ్చింది. గొంతు మెట్టు మెట్టుగా పైకెళుతోంది. అలవాటు కొద్దీ చూపుడువేలు లేచింది. "ఇదిగో" అనడానికి నోరు కూడా తెరుచుకుంది.

ఎప్పుడూ ఆ చోటికి రాగానే ఈయన అరుస్తాడు. వినే అవకాశమే ఉండేది కాదు, ఎదుటివాళ్లకూ, తనకూ. ఈసారి పాట మొగ్గల్లోంచి నేరుగా చెవిలో పడుతుండడంతో నోరు తెరుచుకుందే గానీ మాట రాలేదు.

కుడి చెవిలో ఏదో గలగలమంది. అగ్గిపెట్టె. తిత్తి బుస్సు ఆగిపోయింది. గాలి తగ్గి శ్రుతి వణికింది, నీరసించింది, కిందికి జారింది. అప్పుడు చర్రుమని పుల్ల గీసిన చప్పుడు.

ఎడమ చెవిలో ఆమె గొంతు పై షడ్జం మీద నిటారుగా, ఒంటరిగా, క్షణం పాటు నిలబడింది. తరవాత కిందికి చూసింది. పడిపోయిన పిల్లాడికి వంగి చెయ్యిచ్చినట్టు, జారిన శ్రుతి దాకా మెల్లగా దిగి, కుడివైపు తిత్తి మళ్లీ ఊపందుకున్నాక దాన్ని వెంటబెట్టుకుని పైకెక్కింది.

ఆ రోజుల్లో ఆయన రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవాడు. తరవాత మానేశాడు. మానేసిన మర్నాటి నుంచి కాల్చేవాళ్లందరినీ అసహ్యించుకున్నాడు.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. గలగల, చర్రు. అది ఫ్యాను చప్పుడేమోనని ఇంకోసారి విన్నాడు. మోటారు చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పగల చెవి అది. అగ్గిపుల్లను ఫ్యాను అనుకోమంటే అనుకుంటుందా?

"జారిందా అన్నయ్యా? ఇటియ్యుండ్రి, నేను వింట" అంది అన్నపూర్ణమ్మ, చెయ్యి చాపి.

మొగ్గలు రెండూ చెవుల్లోంచి ఊడి ఆయన ఛాతీ మీద వేలాడాయి. ఇచ్చేస్తే ఆవిడ వింటుంది. "సెల్లుల్లో బలం లేదండీ" అన్నాడు. "ఏమీ తెలియడం లేదు. చవక సామాను."

"గిప్పుడే మస్తుగున్నదని అంత గనం ఒర్లితిరి గద సార్!" అన్నాడు తిరుపతి బాధగా.

గుమ్మంలో నిలబడ్డ కమలకుమారి దగ్గరికి వచ్చింది. వేలాడుతున్న మొగ్గల్లో ఒకటి అందుకుని చెవిలో పెట్టుకుంది. కుడివైపుది. భర్త ఏదో అనబోతుంటే మీట తనే నొక్కింది. వింది. మొగ్గ తీసేసింది.

"అగ్గిపుల్ల" అంది.

రామ్మోహనరావు గొంతు తగ్గింది. "నీకు అప్పుడే తెలుసా?"

"మీ పక్కనే కూర్చున్నాను కదండీ. పొగ నా మొహం మీదికే వచ్చింది."

"మరి ఇరవై ఆరేళ్లు చెప్పకుండా ఎందుకున్నావు?"

"మొదటి రోజే చెబుదామనుకున్నాను. అప్పటికే మీరు వేలు లేపేశారు, అదీ మీ ఆఫీసు వాళ్ల ముందు. పదిమందిలో మీ వేలు నేనెలా దించను?" ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే ఆయన బతికిపోయేవాడు. "తరవాత అనుకున్నాను, ఈయన చెవి గొప్పది కదా, ఏదో ఒకనాడు ఈయనకే వినపడుతుందిలే అని. కానీ మీరెప్పుడూ వేలు లేపడమే. వినేదెక్కడ?"

అన్నపూర్ణమ్మ చాపిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. ఎటు చూడాలో తెలియక తొడుగులేసిన స్పీకర్ల వైపు చూసింది.

"నా పేరు రాసుకోండి అన్నపూర్ణమ్మగారూ" అంది కమలకుమారి. "శ్రుతికి మనిషి అక్కర్లేదు. బ్యాటరీతో నడిచేవి దొరుకుతున్నాయట, ఒకటి తెప్పించండి. అది సిగరెట్ కాల్చదు."

వంటింట్లోకి పోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆ వేలు దించండి. చెయ్యి లాగుతుంది."

అప్పటిదాకా వేలు గాల్లోనే ఉన్న సంగతి ఆయనకు తెలియదు. దించుకున్నాడు.

తిరుపతికి జరిగిందేమిటో సగమే అర్థమైంది. అతని బాధ అతనిది. "సార్, నిజం చెప్పుండ్రి. సౌండ్ బాగున్నదా, లేదా? బాగలేకుంటే గా ఫుట్‌పాతాయన మార్చిస్తనన్నడు."

లోపల కమలకుమారి కూర తరుగుతూ అనుపల్లవి అందుకుంది. గొంతుకు వయసొచ్చింది గానీ, పై షడ్జం దగ్గరికి వెళ్లి, అక్కడ నిలబడింది.

"బాగుంది" అన్నాడు రామ్మోహనరావు.

తిరుపతీ, అన్నపూర్ణమ్మా "కానీ" కోసం ఎదురుచూశారు. అది రాలేదు.