దండ వేసిన రౌటరు

కుప్పం మండీలో వేలం మొదలయ్యేలోగా తూకాల దగ్గరి చేతి యంత్రాలన్నీ కొత్త సర్వరు నుంచి నెట్‌వర్కు చిరునామాలు తీసుకోవాలి. లేకపోతే తూకం తెర మీదికి రాదు. తూకం కనబడని సరుకుకు వ్యాపారి నోరు విప్పడు. కోసిన టమాటా ఎండకు ఆగదు. ఈ మార్పు చేయడానికి వచ్చిన నెట్‌వర్కు ఇంజనీరు సయీదా కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇంతకాలం ఏ మండీలోని రౌటరు ఆ మండీకి చిరునామాలు పంచేది. ఇకపై కుప్పం, పుంగనూరు, మదనపల్లె మూడు మండీలకూ మదనపల్లెలోని కొత్త సర్వరే పంచుతుంది. అందుకే ఆమె పాత చిరునామాల గడువును ముందే కుదించింది. గడువు చిన్నదైతే యంత్రాలు మాటిమాటికీ వచ్చి అడుగుతాయి. అప్పటికి పాతది మూగబోయి ఉంటే కొత్తది జవాబిస్తుంది. నిన్న పుంగనూరులో ఇలాగే మారిస్తే, తూకం వేసేవాళ్లకు తెలియనైనా లేదు. ఇక్కడా పొద్దున్నే పాత రౌటరు తీగలు తీయించింది.

వేలం మొదలైంది. ఉన్నట్టుండి సగం తూకాలు తెర మీద మాయమయ్యాయి.

"అప్పా, నా కాయలు మెత్తబడతాండాయి, తూకం యాడ?" టమాటా తెచ్చిన రైతు పార్వతమ్మ అరిచింది.

"రేపు పచ్చడికి వస్తాయిలే," అని ఒక వ్యాపారి నవ్వాడు.

సయీదా ఆఫీసు గదిలోకి పరుగెత్తింది. పాత రౌటరుకు పసుపు, కుంకుమ, చేమంతి దండ. దాని పచ్చ దీపాలు మిలమిలలాడుతున్నాయి. తీగలన్నీ యథాస్థానంలో. ఎటూ దారి లేని చిరునామాలను అది ఉదారంగా పంచిపెడుతోంది. తాను కుదించిన గడువే యంత్రాలను త్వరత్వరగా దాని ముందుకు తోలుతోంది.

"ఎవరు పెట్టినారిది?"

"నేనేమ్మా," అన్నాడు మేనేజరు లక్ష్మీపతి. "ఇన్నేండ్లు పని సేసిన దాన్ని ఊరికే పంపిస్తామా? వెలగని దానికి హారతి ఎట్లిచ్చేది?"

ఆమె తీగ మీద చెయ్యి వేసింది.

"పసుపు పెట్టిన దాన్ని యాల పీకతాండావు? అందులోనూ నువ్వు..." ఆయన మాట మింగేశాడు.

మింగిన మాటేదో సయీదాకు తెలుసు. చెయ్యి వెనక్కి తీయలేదు.

"రిటైరైన పెద్దమనిషికి దండ వేసి కుర్చీలో కూర్చోబెడతామప్పా. మళ్లీ సంతకాలు పెట్టించం."

తీగలు లాగేసి, దండ చెదరకుండా రౌటరును రెండు చేతులా ఎత్తి, దేవుడి పటం కింద పెట్టింది. కాసేపటికి తూకాలు ఒక్కొక్కటే తెర మీదికి తిరిగొచ్చాయి. పార్వతమ్మ సరుకుకు పాట మొదలైంది.

సయీదా కూర్చోబోతుండగా మదనపల్లె మండీ ఆఫీసులో పనిచేసే మధుసూదన్ ఫోను.

"మేడమ్, ఈడ రేపే గదా మార్పు? మన పాత రౌటరుకు మల్లెదండ చెప్పేసినారు."

ఆమె కూర్చోలేదు. బస్సు వేళ అడుగుతూ గేటు వైపు నడిచింది.