అర చుట్టు

ఆ ఇంటికి రెండు వైర్లు వచ్చేవి. ఒకటి టీవీది, మొగుడు పనిచేసే కంపెనీది. రెండోది ఇంటర్నెట్‌ది, తమ్ముడు పనిచేసే కంపెనీది. నిజానికి రెండు కంపెనీలూ రెండూ ఇస్తాయి. ఎవరో ఒకరి దగ్గరే తీసుకుంటే ఒక్క వైరుతో సరిపోయేది. కానీ అలా చేస్తే బావ ఓడినట్టో, బామ్మర్ది ఓడినట్టో అయిపోదూ! అందుకని ఆ మహానుభావులిద్దరి పరువూ గోడ వెంబడి పక్కపక్కనే పాకి, వంటింటి గోడకి అవతల, మెట్ల మలుపులో ఉన్న ఒకే రేకు పెట్టెలోకి దూరేది.

ఒకరికి పెళ్ళామూ, ఇంకొకరికి అక్కా అయి ఇద్దరి మధ్యా నలిగేది చెవులమ్మ. ఆ పేరు ఇరుగుపొరుగు వాళ్ళు పెట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే చాలు, వచ్చేదెవరో, చేతిలో బరువుందో లేదో చెప్పేస్తుంది. బస్సు డిపోలో, పోయిన వస్తువుల కౌంటరు దగ్గర పన్నెండేళ్ళుగా కూర్చుంటోంది. ఏడుస్తూ, తిడుతూ, సగం మింగేస్తూ జనం చెప్పే మాటల్లోంచి ఏ బస్సో, ఏ సీటో, గొడుగు ఏ రంగో ఏరుకోవడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

ఇన్నాళ్ళకి ఆ చెవులకి తగ్గ ఉద్యోగం ఒకటి పడింది. అంబులెన్సు కంట్రోల్ రూములో ఫోన్లు అందుకునే పని. పరీక్ష ఇంట్లోంచే, కంప్యూటరు ముందు కూర్చుని రాయొచ్చు. ఆపదలో ఉన్న పదిమంది గొంతులు వినిపిస్తారు, ఒక్కొక్కటీ ఒక్కసారే. విని అడ్రసు రాయాలి. పదికి తొమ్మిది సరిగ్గా రాస్తే ఉద్యోగం. నలభై నిండినవాళ్ళని తీసుకోరు. పరీక్ష అయిన పదకొండు రోజులకి చెవులమ్మకి నలభై నిండుతాయి. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరుది.

ఇక మన వీరుల సంగతి. టీవీలో బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరిందా, మొగుడు కంచం ముందే మొదలెట్టేవాడు.

"నీ కంపెనీ వైరు కారుతోందిరా బామ్మర్దీ. ఆ చెత్తంతా మా లైన్లోకొచ్చి పడుతోంది."

"కారేది మీదే బావా. మా లైన్లో దూరి నెట్టుని చంపుతోంది. కొసన మర బిగించడం చేతకాని వాళ్ళకి వైర్లెందుకు?"

"మీవాళ్ళకి మరంటే ఏంటో తెలిస్తేగా!"

ఇద్దరూ నిజమే చెప్పేవాళ్ళు, సగం సగం. ఇద్దరిదీ ఇళ్ళకి వైర్లు బిగించే పనే, ఆ వృత్తిలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. పెట్టె తెరిచిన ప్రతివాడూ తన వైరు బిగించుకుంటాడు. మూత వేసేముందు పక్క కంపెనీ వైరు మరని అర చుట్టు వదులు చేస్తాడు. ఊడదీస్తే దొరికిపోతాడు. అర చుట్టయితే ఎవడికీ తెలియదు. ఒక్క వైరే వదులైతే పెద్ద నష్టం లేదు, కాస్త చెదిరి సర్దుకుంటుంది. రెండూ వదులయ్యాయో, ఒకదాంట్లోంచి కారిన సిగ్నలు రెండోదాంట్లో దూరి కొంప ముంచుతుంది. ఇద్దరికీ శిక్షణలో మొదటి వారమే నేర్పిన పాఠం ఇది. నేర్చుకున్నది బిగించడానికి వాడితే బాగుపడిపోతామని భయం కాబోలు!

పరీక్షకి వారం ముందు చెవులమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఆ రోజు పదకొండు నుంచి పన్నెండు దాకా నాకు లైను కావాలి. ఆ ఒక్క గంటా మీ పౌరుషాలు కట్టిపెట్టండి. దణ్ణం పెడతాను."

"అదేం మాటే! నేను నీకు అడ్డొస్తానా?" అన్నాడు మొగుడు, నొచ్చుకుంటూ.

"నీకోసం ప్రాణమైనా ఇస్తానక్కా," అన్నాడు తమ్ముడు.

ప్రాణం ఎవరడిగారు? ఆవిడ అడిగింది లైను.

పరీక్షరోజు పొద్దున తొమ్మిదింటికి మొగుడు స్పానరు పట్టుకుని బయల్దేరుతూ, "మన వైరు ఒకసారి చూసి వెళ్తాలే. నీ పరీక్షప్పుడు మావైపునుంచి ఏ తేడా రాకూడదు," అన్నాడు. వంటింట్లోకి రేకు మూత కిర్రుమన్న చప్పుడు వినిపించింది. పదింటికి తమ్ముడు డ్యూటీ మధ్యలో హడావిడిగా, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. మళ్ళీ మూత కిర్రుమంది. "అంతా పక్కాగా ఉందక్కా, ధైర్యంగా రాయి," అని గుమ్మంలోంచే అరిచి వెళ్ళాడు. ఎంతైనా నావాళ్ళు అనుకుని చెవులమ్మ మురిసిపోయింది. పిచ్చిది.

పదకొండింటికి తెర మీద అధికారిణి కనిపించింది. మీరు వినబోయేవి నటుల గొంతులు కావు, ఎప్పుడో నిజంగా వచ్చిన ఫోన్లే, అని చెప్పింది. మొదటి గొంతు ఒక ముసలాయనది, రెండోది ఊపిరాడని కుర్రదానిది. చెవులమ్మ పెన్ను ఆగలేదు. ఆరు అడ్రసులు, ఆరూ తప్పులేకుండా పడ్డాయి.

ఏడోది ఒక ఆడమనిషి గొంతు. "మా ఆయన పడిపోయాడండీ, మాట్లాడట్లేదు. పద్నాలుగో నంబరు ఇల్లండీ, ఆ వెనక..."

అంతే. గరగరమని చప్పుడు. బొమ్మ గళ్ళుగా చెదిరి ఆగిపోయింది.

చెవులమ్మ ఒక్క ఉదుటున లేచి మెట్ల మలుపులోకి పరిగెత్తింది. మూత లాగి వైరు పట్టుకుంటే మర వేళ్ళకే తిరిగింది. రెండోది పట్టుకుంది. అదీ తిరిగింది. రెంటినీ వేలి గోరు విరిగేదాకా బిగించి వెనక్కి వచ్చింది. తెర అద్దంలా ఉంది. "త్వరగా రండి బాబూ" అంటూ ఎనిమిదో గొంతు అప్పుడే ముగిసింది. తొమ్మిదీ పదీ రాసింది.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఎనిమిది.

ఇద్దరు వీరులూ ఒకేసారి ఊడిపడ్డారు. విషయం విని ఒకరి మీద ఒకరు లేచారు.

"నీ కంపెనీయేరా దాని నోట్లో మట్టి కొట్టింది!"

"నేను పదింటికి చూసి వెళ్ళాను బావా, మా వైరు ఉక్కులా ఉంది!"

"ఉక్కా! రెండూ నా వేళ్ళకే తిరిగాయి," అంది చెవులమ్మ. ఆవిడ గొంతు పెంచలేదు. "తొమ్మిదింటికి మూత తెరుచుకుంది. మర గీసుకున్న చప్పుడు రెండుసార్లు వినిపించింది. ఒకటి బిగువుది, ఒకటి వదులుది. పదింటికి మళ్ళీ మూత, ఈసారి ఒక్కసారే, అదీ వదులుదే, తన వైరు బిగించుకునే తీరికైనా లేదు. నావాళ్ళు కదా, ఏదో జాగ్రత్త పడుతున్నారనుకున్నా. సిగ్గులేని జన్మలు!"

మొగుడు చేతిలో స్పానరు వెనక్కి దాచుకున్నాడు.

"కావాలని కాదక్కా," అన్నాడు తమ్ముడు. "అలవాటైపోయింది. చెయ్యి దానంతటదే తిరిగింది."

"అర చుట్టేనే..." అని నసిగాడు మొగుడు.

"నాకూ ఒక్క అడ్రసే తక్కువైంది."

వచ్చే ఏడాది చూద్దాంలే అందామని నోరు తెరిచిన మొగుడు, పదకొండు రోజుల సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఆ మాత్రం బుద్ధయినా మిగిలినందుకు సంతోషించాలి.

"సరే, ఉద్యోగం సంగతి వదిలెయ్యండి," అంది చెవులమ్మ. "పద్నాలుగో నంబరు ఇల్లు. వెనక, అంది ఆవిడ. దేని వెనక?"

"అది రికార్డింగే కదక్కా!"

"ఎవరో ఒకామె నిజంగా చేసిన ఫోనే అది. మొగుడు పడిపోయి ఉంటే చేసింది. వైర్లు మీవి, సిగ్నళ్ళు మీవి, పౌరుషాలు మీవి. చెప్పండి, దేని వెనక?"

ఆవిడకి నలభై నిండాయి. డిపోలో ఆ పోయిన వస్తువుల కౌంటరు దగ్గరే ఉంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ భోజనాల దగ్గర బావా బామ్మర్దీ మీ కంపెనీ, మా కంపెనీ అని మొదలెడతారు. చెవులమ్మ వడ్డిస్తూనే అడుగుతుంది, పద్నాలుగో నంబరు దేని వెనక అని. ఇద్దరూ తలలు దించుకుని అన్నం కలుపుకుంటారు.