చేప కడుపులో సత్తియ్య మాటలు

పొద్దెక్కి తెప్పలు ఒడ్డుకు చేరగానే ఉప్పాడ ఆడవాళ్లు కత్తిపీటలు వేసుకుని వరసగా కూర్చునేవారు. ఒకరు పొలుసు తీస్తే ఒకరు పేగులు లాగేవారు, ఇంకొకరు ఉప్పు పట్టించి ఎండలో ఆరేసేవారు. ఏ చేప కడుపైనా చేతికింద గొంతులా అదిరితే, దాన్ని కొయ్యకుండా పక్కన పెట్టేవారు.

"వీరవేణీ, నీ మొగుడి మాట ఒకటి పడింది, పట్టుకుపో" అనేది పక్కన కూర్చున్న పెద్దింట్లమ్మ.

వీరవేణి మొగుడు సత్తియ్యకు ఆ వేసంగిలో నడిసముద్రంలో తలకు దెబ్బ తగిలింది. తెప్ప మీద ఉన్నది అతనూ, తమ్ముడు చినబాబూ, ఇద్దరే. చినబాబు అన్నను ఒడ్డుకు మోసుకొచ్చి "తెడ్డు తగిలింది" అన్నాడు. ఎలా తగిలిందో చెప్పలేదు.

పిఠాపురం నుంచి వైద్యుడు జగన్నాథరావుగారు వచ్చి చూశారు. సత్తియ్యకు కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. నోట మాట లేదు. ఆయన ఇంగ్లండు సీమ నుంచి దిగిన కొత్త పుస్తకాలు చదివిన మనిషి. చేతికర్రతో ఇసుకలో గుండ్రంగా గీసి, మధ్యలో ఒక గీత పెట్టారు.

"మెదడు రెండు చెక్కలమ్మా. ఎడమ చెక్క కుడి చేతిని ఆడిస్తుంది, కుడి చెక్క ఎడమ చేతిని. తెప్ప ఊగినా మనిషిని పడిపోకుండా నిలబెట్టేది ఇదిగో, వెనకాల మెడకు పైనున్న చిన్నమెదడు. మాట పలికించే చోటు ఎడమ కణతకు పైన, వక్కంత ఉంటుంది. దెబ్బ సరిగ్గా అక్కడే పడింది."

"మరి తెడ్డుపాట అందుకుంటే చివరిదాకా పాడుతున్నాడేంటండీ?" అంది వీరవేణి.

"పాట ఉండే చోటు వేరేమో. నా పుస్తకంలో రాయలేదు."

కులపెద్ద భీమరాజు ముందుకు వంగాడు. "ఎడమ కణత మీదంటే, ఎదురుగా నిలబడి కుడిచేత్తో కొట్టినట్టేనాండీ?"

"అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు" అన్నారు ఆయన. ఊళ్లోవాళ్లు మొదటి మాటే విన్నారు.

ఆ వక్కంత చోటులోంచి సముద్రంలో రాలిన మాటల్ని చేపలు మింగాయి. సత్తియ్య వినేలా కోస్తే మాట మళ్లీ అతనికి చేరేది, లేకపోతే గాలికి పోయేది. 'ఉప్పు' అలాగే పోయింది. కూర చప్పగా ఉంటే సత్తియ్య నాలుక బయటపెట్టి చూపించేవాడు. మందుతో పాటు "చేపల్ని ఇంటికి తెచ్చి అతని ముందే కొయ్యండి" అని కూడా చెప్పి వెళ్లారు వైద్యుడు.

అప్పటినుంచీ చినబాబు పద్ధతి మారింది. ఎవరినీ తోడు తీసుకోకుండా, దెబ్బ తగిలిన చోటికే రోజూ పోయేవాడు. అతని చేపలన్నీ ముందే కడుపులు కోసేసి ఉన్నవే ఒడ్డుకు వచ్చేవి.

"మగాడు నడిసముద్రంలో కూర్చుని పేగులు తియ్యడం ఎక్కడైనా ఉందా?" అంది పెద్దింట్లమ్మ. ఆ రోజు నుంచి వీరవేణి మరిదికి అన్నం పెట్టడం మానేసింది.

"తమ్ముడే కొట్టాడేంట్రా?" అని భీమరాజు సత్తియ్యను అడిగాడు. సత్తియ్య గోడకేసి తిరిగి ఏడ్చాడు. ఊరు దాన్ని అవునన్నట్టే తీసుకుంది. పున్నమి దాకా చూసి, అప్పటికీ సంగతి తేలకపోతే చినబాబును కాకినాడ పోలీసులకు అప్పజెబుతానన్నాడు భీమరాజు.

పున్నమి నాటి పొద్దున వీరవేణి నడుంలోతు నీళ్లలోకి వెళ్లి మరిది తెప్పకు ఎదురు నిలిచింది. వలలో పెద్ద పండుగప్ప చేప ఒకటి ఇంకా కొట్టుకుంటోంది. దాని కడుపు అదురుతోంది.

"ఇటియ్యి."

"వద్దు వదినా. ఇక్కడే కొయ్యనియ్యి."

"మీ అన్న మాటలు ఎన్ని పారబోశావు?"

"చాలా. మంచివి కూడా పోయాయి. కొయ్యకముందు ఏది ఏంటో నాకు తెలీదు కదా."

"దేనికంత భయం నీకు?"

"నువ్వు వినకూడదు వదినా."

ఇంకేం కావాలి! ఆమె చేపను లాక్కుని, భీమరాజుకు కబురంపి, ఊరంతా చూస్తుండగా మొగుడి ముందు కత్తిపీట వేసింది.

కడుపు కొయ్యగానే, కోపంలో అన్నవి కాబోలు, మాటలు ఒకదానికొకటి అతుక్కుని వచ్చాయి. సత్తియ్య గొంతే.

"నా పెళ్లాం వంక చూస్తావురా? ఈ తెడ్డుతోనే నీ తల పగలగొడతాను!"

జనం కళ్లన్నీ వీరవేణి మీదికి తిరిగాయి.

"తర్వాత?" అన్నాడు భీమరాజు.

"ఎత్తాడు. నేను పట్టుకున్నాను. పెనుగులాటలో తెడ్డు అన్నకే తగిలింది" అన్నాడు చినబాబు తల వంచుకుని.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదరా?"

"చెబితే ఊరంతా వదినకేసి చూస్తుంది. ఇప్పుడు చూస్తున్నారు కదా, ఇలాగే."

సత్తియ్య అప్పుడే చేరిన మాటల్లోంచి రెండు వెతుక్కున్నాడు. ఎడమ చెయ్యి గుండెల మీద వేసుకుని, "నా... తెడ్డు" అన్నాడు. "నా తెడ్డు."

భీమరాజు కండువా దులుపుకుని లేచాడు. పోలీసుల ఊసు మళ్లీ రాలేదు. జనం మాత్రం వెళ్తూ వెళ్తూ వీరవేణిని ఒకసారి ఎగాదిగా చూసి మరీ వెళ్లారు. తను మరిదికి అన్నం వడ్డించిన ప్రతిసారీ మొగుడు ఎక్కడ కూర్చుని చూసేవాడో ఆమెకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది. మరిదిని తనెలా చూసిందో కూడా గుర్తొచ్చి ముఖం మండింది.

కత్తిపీట కడిగి పక్కన పెట్టింది. "చినబాబూ, రేపటినుంచి మీ అన్నను తెప్పకు కట్టి కూర్చోబెట్టి తీసుకుపో. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా, ఆయన మాటలు ఆయనే కోసుకుంటాడు. దొరికినవన్నీ ఇంటికి తేనక్కర్లేదని చెప్పు."

అన్నదమ్ములు అలాగే వెళ్లారు. తన మాటలు కాబట్టి, ఏ చేపలో ఏదుందో సత్తియ్యకు తడిమితే చాలు తెలిసేది. కొన్ని చేపల్ని కోసేవాడు. కొన్నిటిని కాసేపు ఒళ్లో పట్టుకుని నీళ్లలోకి వదిలేసేవాడు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక సాయంత్రం కర్ర ఊతంతో గడప దాటి వచ్చి, "తిన్నావా వీరవేణీ?" అన్నాడు.

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ మాట అతని నోట ఏనాడూ రాలేదు. అతనిలో లేని మాట సముద్రంలో రాలి ఉండదు, చేపలో దొరికీ ఉండదు. సముద్రంలో మునిగిపోయిన ఏ మనిషి మాటో పొరపాటున కోసి తెచ్చుకున్నాడేమోనని వీరవేణి అనుమానంగా అతని ముఖంలోకి చూసింది. అడుగుదామనుకుంది. అడగలేదు.

"ఇంకా లేదు" అంది.