మట్టిగుట్ట వెనక ధ్రువుడు

మా ఇంటి నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం కనిపించదు. ఉత్తరాన ఓపెన్‌కాస్టు గని నుంచి తవ్వి పోసిన మట్టిగుట్ట అడ్డం. నేను పుట్టేనాటికి అది చింతచెట్టంతే ఉండేదట. ఇప్పుడు ఆ వైపు ఆకాశమంతా దానిదే. అయితే ఒక మేలు చేసింది. గనిలోని పెద్ద లైట్ల వెలుగు మా వాకిట్లో పడనివ్వదు. అందుకే ఊళ్ళో అందరి ఇళ్ళకన్నా మాకే చుక్కలు ఎక్కువ.

తిరుమలక్క ఆ వాకిట్లోనే తన యంత్రాన్ని పెట్టింది. అక్క పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. రెండు చెక్కలు, వాటిని కలిపే తలుపు బందు, పై చెక్కను మెల్లగా పైకి నెట్టే పొడవాటి బోల్టు, అంతే యంత్రం. బోల్టును నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై చెక్క చుక్కలతో సమానంగా కదులుతుంది. దాని మీద బిగించిన కెమెరాకు చుక్కలు నిలిచి ఉన్నట్టే ఉంటాయి. కాని ఆ బందు సూటిగా ధ్రువుడి వైపు ఉండాలి. లేకపోతే ఫొటోలో ప్రతి చుక్కా గీతలా సాగుతుంది.

మూడు రాత్రులు గీతలే వచ్చాయి.

కెమెరా పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే ఉపేందరన్నది. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఇచ్చాడు. అక్కడేమో కాలేజీలో సారు గడువు పెట్టారు. చుక్క చుక్కలా ఉన్న ఒక్క ఫొటో ఈ వారంలో చూపించకపోతే ఈ ప్రాజెక్టు వదిలేసి, వేరే వాళ్ళ నీళ్ళ పంపు ప్రాజెక్టులో చేరాలట.

మూఢం చివరి రోజు పొద్దున్నే ఉపేందరన్న బండి ఆపాడు.

"తిరుమలా, యాదుంది గదా? రేపు పొద్దుగాల కెమెరా కావాలె. పెండ్లిపిల్ల నీ చుక్కల కోసం ఆగది."

"తెలుసన్నా."

"చుక్కలన్నీ సేమ్యాల లెక్క వచ్చినయట గదా!"

అక్క నావైపు చూసింది. సేమ్యా అన్న మాట ఉపేందరన్న చెల్లెలితో అన్నది నేనే. బిందె తీసుకుని లోపలికి జారుకున్నాను.

నేను తిరిగి వచ్చేసరికి మంచం మీద కూర్చున్న ఎల్లన్న తాత అడుగుతున్నాడు. "దిక్కు దేంతోని చూస్తున్నవ్ బిడ్డా?"

"ఫోన్ల దిక్సూచి ఉంటది తాతా."

"ఏడ పెట్టి చూసినవ్?"

"గీ పట్టా మీదనే."

అది బర్రెను కట్టెయ్యడానికి బాపు వాకిట్లో పాతిన రైలు పట్టా ముక్క. గనిలో బ్లాస్టింగ్‌కు ఇంట్లో గిన్నెలు మోగినా అది కదలదని అక్క ఏరికోరి యంత్రాన్ని దానికే బిగించింది.

తాత పకపకా నవ్వాడు. "ఇనుము మీద పెట్టి అడిగితే దిక్సూచి ఇనుము మాటనే చెప్తది. గనిల మేము గట్ల నమ్ముకుంటే పక్క గనిల తేలేటోళ్ళం!"

తాత ముప్పై ఏళ్ళు సర్వే మజ్దూరు. సర్వేయరు కొలిచి చెబితే, గని పైకప్పుకు రెండు దారాలు వేలాడగట్టేది తాతే. టోపీ దీపం వెలుగులో ఆ రెండూ ఒక్కటిగా కనిపించే వైపే బొగ్గు కొట్టుకుంటూ పోయేవారు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్క యంత్రానికి పనికొస్తుందని మాత్రం తోచలేదు.

తాత పట్టా పక్కన ఒక కట్టెను నిటారుగా పాతాడు. దాని చుట్టూ దారంతో వృత్తం గీశాడు. పది గంటల ఎనిమిది నిమిషాలకు కట్టె నీడ కొస వృత్తాన్ని తాకింది. అక్కడ మేకు దిగింది.

"పగటాల మళ్ళ అటుపక్క తాకుతది. అప్పటిదాక ఎవ్వలు తొక్కద్దు. కోళ్ళు సుత."

కోళ్ళను తోలడం, నోటుబుక్కులో సమయం రాయడం నా పని.

రెండున్నరకు గనిలో బ్లాస్టింగ్ అయింది. గుట్ట మీది నుంచి దుమ్ము లేచి ఎండను కప్పేసింది. వృత్తానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న నీడ మాసిపోయింది.

"ఇగ అయిపోయింది తాతా," అంది అక్క.

డెబ్బై ఏళ్ళ తాత బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించాడు. మాకేమీ కనిపించని చోట వేలు పెట్టి, ఆ వేలిని కొంచెం కొంచెంగా జరుపుతూ పోయాడు. "ఆఁ... గీడ. కొట్టు మేకు."

రెండు గంటల నలభై నాలుగు నిమిషాలు.

రెండు మేకుల నడిమికి కట్టె నుంచి గీత గీశాడు. అదే ఉత్తరం. అక్క మూడు రాత్రులుగా పెట్టిన దిక్కు దానికి చాలా పక్కకు ఉంది. ఆ గీత మీద తాత రెండు దారాలు రాళ్ళు కట్టి వేలాడదీశాడు. చీకటి పడ్డాక నేను వాటి మీద టార్చి వేశాను. మా ఊరికి ధ్రువుడు ఎంత ఎత్తులో ఉంటాడో అక్కకు తెలుసు. కోణమానినితో పందొమ్మిది డిగ్రీలకు కాస్త తక్కువ పెట్టింది. తాత ఒక కన్ను మూసి బందునూ దారాలనూ చూశాడు.

"జర ఇటు. ఇంకింత. ఆగు, బిగియ్."

పిల్లలకోడి చుక్కల వైపు, అంటే కృత్తికల వైపు, కెమెరా తిప్పి అక్క సెకన్లు లెక్కపెట్టింది. పదిహేను సెకన్లకోసారి నేను బోల్టును పావు చుట్టు తిప్పాను. రెండు నిమిషాలు ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

తెర మీద అక్క ఫొటోను పెద్దది చేసింది. చుక్కలన్నీ ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. ఇరవై దాకా లెక్కపెట్టి, లెక్క తప్పాను.

"కోడికి గిన్ని పిల్లలా!" అన్నాడు తాత. "మా అవ్వ నాకు ఆరే చూపెట్టింది."

అక్క దాన్ని సారుకు పంపింది. కాసేపటికి ఆయనే ఫోన్ చేశారు.

"ప్రాజెక్టు ఇదే చెయ్యమ్మా. కాని మీ దగ్గర ధ్రువుడు కనపడడన్నావు కదా, దిక్కు ఎలా పట్టావు?"

"మా తాత పట్టిండు సార్. ఆయననే అడుగుండ్రి."

తాత మంచం దిగి, చొక్కా గుండీలు పెట్టుకుని ఫోను అందుకున్నాడు. "నమస్తే సార్. ముందుగాల నేల సాపుగ ఉండాలె..."

"ఒక్క నిమిషం ఆగండి," అన్నారు సారు. "పెన్ను తెచ్చుకుంటాను."